కొత్త కారు తొలి సర్వీసు: ‘ఉచితం’ ఎంతవరకు?

కొత్త కారుకు తొలి సర్వీసు ఉచితమే. అయితే ఆ ఉచితం సాధారణంగా పనికూలీకే పరిమితం. ఆయిల్, ఫిల్టర్లు మారిస్తే వాటి ధరను యజమానే చెల్లించాలి.

దేశంలో పలు కంపెనీలు ఈ సర్వీసుకు 1,000 కిలోమీటర్లు లేదా ఒక నెల, ఏది ముందైతే దానిని గడువుగా పాటిస్తున్నాయి. బండి పెద్దగా తిరగకపోయినా నెల గడువు వర్తిస్తుంది. సర్వీసులను నిర్లక్ష్యం చేస్తే తర్వాత వారంటీ కోరినప్పుడు చిక్కులు ఎదురుకావచ్చు. మీ కారుకు వర్తించే గడువును ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోండి.

తొలి సర్వీసు ప్రధానంగా తనిఖీయే. కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలు, టైర్లలో గాలి, బ్యాటరీ పరిశీలిస్తారు. చాలా కార్లకు ఈ దశలో ఇంజిన్ ఆయిల్ మార్చనక్కరలేదు. మార్చాలని చెబితే మాన్యువల్‌తో సరిచూడండి.

వింత శబ్దాలుంటే అవి ఏ వేగంలో, ఎప్పుడు వస్తున్నాయో ముందే రాసుకోండి. విలువైన వస్తువులను కారులోంచి తీసేయండి. జాబ్ కార్డులో మీ ఫిర్యాదులు, తిరిగిన కిలోమీటర్లు, ఇంధన మట్టం, ఉన్న గీతలు, ఖర్చు అంచనా నమోదయ్యాకే సంతకం చేసి, ప్రతిని తీసుకోండి. రేపు అదే లోపం తిరగబెడితే, అది మొదటి నుంచీ ఉందనడానికి ఆ కాగితమే ఆధారం.

వివాదం తలెత్తితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను సంప్రదించవచ్చు.