నోటిమాటయు నెత్తుటి సాక్ష్యమును

మునగాల రాజావారి దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చరిత్రపరిశోధకులుగా ఆంధ్రలోకమునకు సుపరిచితులు. కైఫీయతులోని మాటను శాసనముతో సరిచూచి గాని గ్రహింపకుండుట అట్టి పరిశోధకుల పద్ధతి. సుఖవ్యాధులను గూర్చి పరిశోధించు వైద్యులకు నేడు ఆ పద్ధతియే అవసరమైనది.

వారు ఇంటింటికి పోయి, పరాయి సంబంధము కలదా, నిరోధు వాడితిరా యని యడుగుదురు. గడపలో భార్య, వసారాలో తండ్రి, గోడకావల పాలివారు ఉండగా గృహస్థుడేమి చెప్పును? లేదనును. కోడలిని అత్తగారి యెదుట నడిగిన మాట చెప్పనే యక్కఱలేదు. పడుచువాండ్రు కొందఱు చేయని ఘనకార్యములను సైతము చెప్పుకొందురు!

జింబాబ్వే దేశమున జరిగి 2009లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో స్త్రీల శరీరమున వీర్యపు జాడకై పరీక్షించిరి. జాడ కనబడిన వారిలో దాదాపు సగముమంది, గడచిన రెండు దినములలో సంగమమే లేదనియో, నిరోధు లేనిది జరుగలేదనియో చెప్పియుండిరి. కొందఱి నిరోధు చినిగియుండవచ్చును, కొందఱు మఱచియుండవచ్చును. అందఱును అట్టివారే యనుట కష్టము. మనిషికి మాఱుగా కంప్యూటరు చేత నడిగించినను ఫలితము మెఱుగుపడలేదు.

అట్లయిన నెత్తురునే నమ్ముదమందురా? గుంటూరు జిల్లాలో 2004-05 సంవత్సరములలో 12,617 మందిని పరీక్షించి, ఎయిడ్సు క్రిమి సోకినవారు సుమారు 45,900 అని తేల్చిరి. ఆసుపత్రులకు వచ్చిన వారిని బట్టి కట్టిన లెక్క 1,12,600. పెద్ద ప్రభుత్వ వైద్యశాలలకు రోగులు ఎక్కువగా చేరుట ఈ భేదమునకు గల కారణములలో నొకటి. 2007లో దేశపు లెక్కయు 52 లక్షలనుండి 25 లక్షలకు దిగినది. తగని చోట తీసిన నెత్తురును తప్పే చెప్పునన్నమాట. మఱియు, సోకినదని నెత్తురు చెప్పును గాని ఏ త్రోవను సోకెనో చెప్పదు. అందులకు నోటిమాటయే శరణ్యము.

హైదరాబాదు-విజయవాడ రహదారి సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా పోవుచున్నది. ఈ వ్యాధి మాట వచ్చినప్పుడెల్ల లారీ డ్రైవర్లనే వ్రేలెత్తి చూపుట మేమెఱుగుదుము. గుంటూరు పరీక్షలో పురుషులలో నూటికి 1.74, స్త్రీలలో 1.70 చొప్పున సోకియుండెను. ఆ స్త్రీలందఱును రహదారి ప్రక్క నున్నవారా? వారిలో ఎందఱో ఇల్లాండ్రు. వారి భర్తలు సర్వేవానికి ఏమి బదులు చెప్పియుందురో పాఠకులే ఊహింతురు గాక.

కర్ణాటకమున వేఱొక యుపాయము పన్నిరి. పేరు వ్రాయకుండ, తెరచాటున చీటిని పెట్టెలో వేయించిరి. ముఖాముఖి నడిగినప్పటి కంటె ఇట్లు వేయించినప్పుడు జనులు తమ ప్రమాదకరమైన నడవడిని ఎక్కువగా ఒప్పుకొనిరి. ఎన్నికల పెట్టెను ఎఱిగిన మన జనులకు ఇది క్రొత్త విద్య కాదు. 2018లో అమలునకు వచ్చిన చట్టము ఈ వ్యాధిగ్రస్తుల రహస్యమును కాపాడుమని శాసించుచున్నది. రహస్యమునందు నమ్మకము మాత్రము చట్టము వలన కలుగదు. కావున మునగాల గ్రామములలో ప్రశ్నింపబూనువారు పొరుగూరివారై యుండవలెను, స్త్రీలను స్త్రీలే యడుగవలెను, చీటీలు ఊరి వెలుపల విప్పవలెను. కోదాడలో పుట్టి పెరిగినవానిని కోదాడ యిండ్లకే కాగితముతో పంపిన, వానికి మంచినీళ్లును మర్యాదయు తప్ప మఱేమి దొరకును?