మూడు సెకన్ల ఎడం: హైవేపై ఢీకొనకుండా కాపాడే దూరం

ముందు వెళ్తున్న లారీ అకస్మాత్తుగా ఆగిపోతే, వెనుక వస్తున్న కారు ఆగగలదా? జాతీయ రహదారిపై ప్రమాదం జరగడమా, తప్పిపోవడమా అన్నది చాలాసార్లు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతుంది. కేంద్ర రహదారి రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు సంభవించి, 1,68,491 మంది మరణించారు. ఢీకొన్న తీరును బట్టి చూస్తే, వెనుక నుంచి ఢీకొట్టిన ప్రమాదాలే అన్నిటికన్నా ఎక్కువ. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా సుమారు 2 శాతమే; మరణాల్లో మాత్రం మూడో వంతుకు పైగా, అంటే 61,038, వాటిపైనే నమోదయ్యాయి.

ఇతరులు పొరపాటు చేస్తారని ముందే ఊహించి, అందుకు చోటు వదిలి నడపడాన్నే డిఫెన్సివ్ డ్రైవింగ్ అంటారు. ఇందులో అన్నిటికన్నా తేలికైనదీ, మన రోడ్లపై అతి తక్కువగా కనిపించేదీ ముందు వాహనానికి తగినంత ఎడం పాటించడం.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటిపోతుంది. ప్రమాదాన్ని కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే కారు 33 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. పొడి రోడ్డుపై, మంచి టైర్లతో, బ్రేకు వేశాక ఆగడానికి మరో 36 మీటర్లు కావాలి. మొత్తం దాదాపు 70 మీటర్లు. వేగం 100 కిలోమీటర్లయితే ఇది సుమారు 100 మీటర్లకు చేరుతుంది. వాన పడితే బ్రేకు దూరం ఇంచుమించు రెట్టింపు కావచ్చు.

నడుస్తున్న బండిలో మీటర్లు కొలవడం ఎవరికీ సాధ్యం కాదు, సెకన్లు లెక్కించడం సాధ్యమే. ముందు వాహనం ఒక కరెంటు స్తంభాన్నో, బోర్డునో దాటగానే ‘వెయ్యి ఒకటి, వెయ్యి రెండు, వెయ్యి మూడు’ అని తాపీగా అనుకోవాలి. లెక్క పూర్తి కాకముందే మన బండి ఆ స్తంభం దగ్గరికి చేరితే, ఎడం చాలనట్టే. వానలోనూ, పొగమంచులోనూ ఈ లెక్కను రెట్టింపు చేసుకోవాలి.

‘ఖాళీ వదిలితే మరొకడు దూరుతాడు’ అనేది తరచుగా వినిపించే అభ్యంతరం. అది నిజమే, దూరుతారు. అప్పుడు యాక్సిలరేటర్ కాస్త వదిలి మళ్లీ మూడు సెకన్లు వెనక్కి తగ్గాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ చేరేలోగా అలా ఇరవై వాహనాలు దూరినా, ఆలస్యమయ్యేది ఒక్క నిమిషమే.

రాత్రివేళ పరిస్థితి వేరు. లో బీమ్ లైట్లలో రోడ్డు సాధారణంగా 40 నుంచి 60 మీటర్ల వరకే స్పష్టంగా కనిపిస్తుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి 70 మీటర్లు కావాలి. అంటే అడ్డం కనిపించే సమయానికే ఆగే అవకాశం చేజారిపోయి ఉంటుంది. వెలుగు లేని చోట వేగం 60కి తగ్గించడం భయం కాదు, లెక్క. ఆ వేగంలో సుమారు 45 మీటర్లలో ఆగవచ్చు. ఎదురుగా వాహనాలు లేనప్పుడు హై బీమ్ వాడుకోవచ్చు, వస్తున్నప్పుడు తప్పక తగ్గించాలి.

వెనుక లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీలు, దాబాల దగ్గర రోడ్డు అంచున నిలిపిన లారీలు ఈ చీకటిలోనే ఉంటాయి. కోతల కాలంలో తెలుగు రాష్ట్రాల రోడ్ల మీద సగం మేర ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చడం కూడా తెలిసిందే. కళ్లం చాలని రైతు ఇబ్బంది అర్థం చేసుకోదగినదే అయినా, ఆ రాళ్లు రాత్రి ద్విచక్ర వాహనదారుడికి కనిపించవు.

మన వెనుక ఎవరైనా మరీ దగ్గరగా వస్తుంటే వారిపై కోపంతో ఉన్నట్టుండి బ్రేకు వేయకూడదు. ముందు ఎడాన్ని ఇంకాస్త పెంచుకుంటే, మనం మెల్లగా ఆగగలుగుతాం. వెనుకవారికీ వ్యవధి దొరుకుతుంది. వీలైన చోట దారి ఇచ్చి పంపేయడం మరీ మేలు.

బండి మధ్యదారిలో చెడిపోతే సాధ్యమైనంత మేరకు రోడ్డు దిగువకు మళ్లించి, హజార్డ్ లైట్లు వేసి, హెచ్చరిక త్రిభుజాన్ని బాగా వెనుకగా నిలపాలి. ప్రయాణికులు బండిలో కూర్చోకుండా, దాని వెనుక నిలబడకుండా, రోడ్డుకు దూరంగా వెళ్లి ఆగాలి. జాతీయ రహదారులపై సహాయానికి 1033, అత్యవసర సేవలకు 112 నంబర్లు పనిచేస్తాయి.