కొత్త కరెంటు ముందా? ఆదా ముందా?



మేము చదువుకునే రోజుల్లో మన హాస్టల్ స్టడీ హాలు గోడమీద ‘విద్యుత్తును పొదుపు చేయుడి’ అని ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు ఉండేవి. ఆ హాల్లో ఉన్నవి మూడు ట్యూబ్‌లైట్లు. అందులో ఒకటి ఎప్పుడూ మినుకుమినుకుమంటూనే ఉండేది. అరవై మందిమి ఆ వెలుగులోనే చదివేవాళ్లం. చివరి వరసలో కూర్చున్నవాళ్లకు లెక్కల పుస్తకంలో మూడుకూ ఎనిమిదికీ తేడా తెలిసేది కాదు. ఉన్నదే ఇంత, ఇందులో పొదుపు చేసేదేమిటని నవ్వుకునేవాళ్లం. సెలవులకు ఇంటికి పోతే అదీ లేదు, కిరోసిన్ బుడ్డే.

ఈ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు ఆ గోడే గుర్తుకొచ్చింది. కరెంటు చాలనప్పుడు కొత్త ప్లాంట్లు కట్టాలా, ఇళ్లలో వాడకం తగ్గించాలా అన్నది వక్తృత్వ పోటీల్లో పాత అంశమే. మైకు ముందు ఎటువైపైనా మాట్లాడవచ్చు గానీ లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది.

ముందు యూనిట్ అంటే ఏమిటో చూద్దాం. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. 60 వాట్ల పాత బల్బు రోజుకు ఐదు గంటల చొప్పున నెలంతా వెలిగితే 9 యూనిట్లు. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు ఒకటిన్నర యూనిట్ కూడా కాదు.

బొగ్గు ప్లాంటులో ఒక యూనిట్ తయారు కావాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు మండాలి. ఆ వేడిలో కరెంటుగా మారేది మూడో వంతే, మిగిలింది పొగగొట్టంలోంచీ చల్లార్చే నీళ్లలోంచీ పోతుంది. ఆ వచ్చిన కరెంటులో కొంత బొగ్గును పొడిచేసే మిల్లులకూ, పంపులకూ ప్లాంటే వాడుకుంటుంది. తీగల్లో మరికొంత పోతుంది. అందుకే ఇంట్లో ఒక యూనిట్ మిగిలిస్తే ప్లాంటు దగ్గర ఒకటి కంటే ఎక్కువే మిగిలినట్టు.

ఇక కొత్త ప్లాంటు అంటే యంత్రాలూ డబ్బూ మాత్రమే కాదు, భూమి కూడా. ఇది మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పాలా! శ్రీశైలం జలాశయం కోసం 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు ఖాళీ చేయించారు. మా గదిలోనే ముంపు ఊళ్ల పిల్లలు ఇద్దరుండేవారు. సెలవులకు వాళ్లు వెళ్లేది తాతల ఊరికి కాదు, కొత్తగా వేసిన కాలనీకి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నవారి మీద 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. సౌర విద్యుత్తుకు పొగ లేదు, నిజమే. కానీ 2017లో పూర్తయిన కర్నూలు సోలార్ పార్కు వెయ్యి మెగావాట్లకు సుమారు 5,900 ఎకరాలు పట్టింది. ఏ ప్లాంటైనా ఎవరో ఒకరి నేల మీదే లేవాలి.

మరి ఆదాతో నిజంగా ప్లాంటంత పని జరుగుతుందా? జరిగింది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల్లో పాత బల్బులు తీసుకుని ఎల్‌ఈడీలు ఇవ్వడం మొదలైంది. 2015 జనవరిలో అదే పని దేశమంతటా మొదలైంది, దానికే తర్వాత ఉజాలా అని పేరు. ప్రభుత్వం కోట్లలో ఒకేసారి కొనేసరికి, 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర రెండు మూడేళ్లలో 40 రూపాయల లోపుకు దిగింది. పదేళ్లలో సుమారు 37 కోట్ల బల్బులు పంచారు. దీనివల్ల గరిష్ఠ డిమాండులో 9,500 మెగావాట్లకు పైగా తగ్గిందని ప్రభుత్వ అంచనా. ఇబ్రహీంపట్నం దగ్గరి నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో మొదటి ఏడు యూనిట్లూ కలిపి 1,760 మెగావాట్లు. అంటే అలాంటివి ఐదు! అంచనాలో కొంత తీసేసినా మూడు నాలుగైనా మిగులుతాయి. ఒక్క ఊరూ మునగలేదు.

అయితే ఇక్కడే మా గోడమీది రాత సంగతి వస్తుంది. ఒక్క బల్బు ఉన్న ఇల్లు దేన్ని ఆదా చేస్తుంది? మొదటి ఫ్యాను కొనుక్కున్న కూలి తల్లికి పొదుపు పాఠం చెప్పడం మాకు ఇష్టం లేదు. ఆ ఫ్యానుకు కరెంటు కావాలి, అది ఎక్కడో తయారు కావాలి. అందుకని కొత్త ప్లాంట్లే వద్దనడం మా ఉద్దేశం కాదు. తగ్గించమని అడగాల్సింది మూడు గదులకు మూడు ఏసీలున్న ఇంటిని. ఇప్పుడు మాలో కొందరి ఇళ్లూ అలాంటివే, చెప్పుకోవడానికి సిగ్గెందుకు! ఏసీని 20 బదులు 24 డిగ్రీల మీద పెడితే ఒక్కో డిగ్రీకి సుమారు ఆరు శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది.

పేద ఇంటికి ఆదా అక్కరలేదని కూడా కాదు. తెలంగాణలో 2024లో వచ్చిన గృహజ్యోతిలో 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఆ గీత దగ్గరున్న ఇంట్లో ఒక పాత ఫ్యాను బిల్లును అటో ఇటో చేస్తుంది. కానీ తక్కువ కరెంటు తినే ఫ్యాను మామూలు దానికంటే వెయ్యికి పైగా ఎక్కువ ధర. ఆ వెయ్యే వాళ్ల దగ్గర ఉండదు. బల్బుల్లాగే ఫ్యాన్లు కూడా ప్రభుత్వమే పెద్దఎత్తున కొని పంచాలని మేమంటాం.

ఇక మన హాస్టల్ లెక్క. పోయిన నెల మేము వచ్చి చూసినప్పుడు నలభై పాత ఫ్యాన్లున్నాయి, ఒక్కోటి 75 వాట్లు. మేడమీద సోలార్ పలకలు వేయిద్దామని మాలో సగం మంది, ఫ్యాన్లు మారుద్దామని సగం మంది. కాగితం తీసుకుని కూర్చున్నాం. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే ఒక్కోదానికి 45 వాట్లు మిగులుతాయి. నలభైకి, రోజుకు పది గంటల చొప్పున, 18 యూనిట్లు. ఒక కిలోవాట్ సోలార్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లిస్తాయి కాబట్టి అదే 18 యూనిట్లకు నాలుగున్నర కిలోవాట్లు కావాలి. ఫ్యాన్లకు లక్షా ఇరవై వేల దాకా, పలకలకు రాయితీ లేకుండా అయితే రెండు లక్షల పైమాట. పైగా పలకలు కరెంటిచ్చేది పిల్లలు బడిలో ఉన్న వేళ, ఫ్యాన్లు తిరిగేది రాత్రి. మధ్యలో బ్యాటరీ అయినా ఉండాలి, పగటి కరెంటును లైనుకిచ్చి రాత్రి వాడుకునే నెట్ మీటరైనా ఉండాలి.

ముందు ఫ్యాన్లే అని తేలింది. పలకల సంగతి వచ్చే ఏడాది, అప్పటికి కావాల్సినవి కూడా తక్కువే అవుతాయి. చందాలు మొదలయ్యాయి, మొదటి ఇరవై ఫ్యాన్లు వేసవి లోపే పెట్టించాలని అనుకుంటున్నాం.

స్టడీ హాలుకు మరో నాలుగు లైట్లు కూడా కొంటున్నాం. పదో తరగతి పిల్లలు రాత్రి పదకొండు దాకా చదువుకునే వరండా లైటును మాత్రం ఆదా లెక్కలో వేయలేదు.