స్థానబలిమి

“ఇంట గెలిచి రచ్చ గెలువవలెను” అని మన పెద్దలు చెప్పుదురు. ఇంట గెలుచుట సులభము గనుకనే వారు దానిని ముందుంచిరని ఫుట్‌బాలు ఆట నెఱిగినవారు అందురేమో. తన యూరి మైదానమున ఆడు జట్టునకు గెలుపు దగ్గర యనియు, పరాయి యూరికి పోయిన జట్టునకు దూరమనియు వారు లెక్కలు వేసి చూపుచున్నారు. భాగవతమున అష్టమస్కంధము చదివిన సోదరీమణులకు ఈ సంగతి క్రొత్తది గాదు. మొసలి యేనుగును మడుగులోని కీడ్చును. ఏనుగు మొసలిని గట్టున కీడ్చును. ఎవరి చోట వారిదే బలమని ఆ రెంటికిని తెలియును. మొసలికి నీరెట్టిదో ఫుట్‌బాలు జట్టునకు అట్టిది ఏది? నేలయా, గాలియా, చుట్టును నిలిచి కేకలు వేయు జనమా? ఈ ప్రశ్న మా యింట ఒక రాత్రి వడ్డించిన యన్నము చల్లారిపోవునట్లు చేసినది. అందుచేతనే వ్రాయుచున్నాము.

స్త్రీలు చదువు పత్రికలో బంతియాట ముచ్చట యేల యని కొందఱు అడుగవచ్చును. మా జిల్లాలో ఆ యాట ఆడువారిలో మన యాడుబిడ్డలును గలరు. 1969 లో అనంతపురమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు నెలకొల్పిన ఆర్.డి.టి. సంస్థవారు ఆ పట్టణమున నొక క్రీడాగ్రామమును గట్టించిరి. పల్లె బాలికలు అక్కడికి పోయి ఫుట్‌బాలు నేర్చుకొనిరి. ఆ గాలి మా బడివఱకును వీచినది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మరాని వాన, కురియు నీ కఱవు సీమలో పచ్చగడ్డి మైదానము లెక్కడివి? మా బడి మైదానము ఎఱ్ఱని గరుసు నేల. ఉత్తరపు గోలు ముంగిట నొక బండరాయి నేలలోనుండి వీపు చూపుచుండును. బంతి దానికి తగిలిన నెటు ఎగురునో మా పిల్లలకు తెలియును, క్రొత్తవారికి తెలియదు. ఆషాఢపు గాలి పడమటినుండి యెంత వడిగా వచ్చునో, ప్రొద్దు వాలిన పిమ్మట నెప్పుడు తగ్గునో అదియు మా పిల్లలకే తెలియును. ఇట్టి బలిమిలో తప్పేమియు లేదు. చీకటిలోనైనను మన వంటింటి యుప్పుడబ్బా మన చేతికే చిక్కును గదా!

గడచిన యాషాఢమున పొరుగు మండలమునుండి యొక బాలికల జట్టు మా యూరికి ఆటకు వచ్చినది. 40 కిలోమీటర్లు ఆటోలలో ఇఱుకుకొని, త్రాగు నీరు గూడ తామే మోసికొని వచ్చిరి. రావలసిన రెఫరీ రాలేదు. మా వారు బడిపంతులు. చిన్ననాడు ఆ యాట ఆడినవారు, నియమములు తెలిసినవారు. అందఱును బలవంతపెట్టగా ఈల మెడలో వేసికొనిరి. మగవారు ప్రహరీగోడమీదను, మేము వేపచెట్టు క్రిందను చేరితిమి. వేరుసెనగ విత్తి వానకై మిన్ను చూచుచుండు రోజులు. చేతికి పని లేదు. నోటికి మాత్రము కావలసినంత దొరికినది. గోడమీది కుఱ్ఱవాండ్రు ఆ పరాయి పిల్లల పొట్టి లాగులను గూర్చి యన్న మాటలు ఇక్కడ వ్రాయరానివి. ఆపవలసిన పెద్దలు నవ్వుచుండిరి. మేమును ఆపలేదు, ఆ సంగతి దాచనేల?

ఎవరికిని గోలు లేకయే యాట చివరకు వచ్చినది. ఇంక రెండు నిమిషములున్న వనగా మా పిల్ల యొకతె బంతితో ఉత్తరపు గోలువైపు దూసికొనిపోయి పడిపోయినది. ఆమె మోకాలు నేల తాకకమునుపే జనమంతయు “హో” యని లేచినది. ఆ కేకలో మా గొంతును గలదు. ఈల మ్రోగెను. పెనాల్టీ యిచ్చిరి, గోలైనది, మా యూరు గెలిచినది. పరాయి జట్టు నాయకురాలు, పదునాలుగేండ్ల పిల్ల, మా వారి మొగము వంక ఒక్కమాఱు చూచి, ఏమియు ననక, బంతిని తీసికొని మైదానము నడుమకు నడిచిపోయినది.

ఆ రాత్రి మా వారు కంచము ముందు కూర్చుండియు చేయి పెట్టలేదు. “వంటలో నేమైన లోపమా అండీ?” యని యడిగితిమి. “వంటలో లేదు. ఆ పిల్లను ఎవరైన తాకిరో లేదో నేను చూడలేదు. అఱపు ముందు వచ్చినది, ఈల తరువాత వచ్చినది. ఆ రెంటి నడుమ నా కన్ను ఎక్కడ నున్నదో నాకే తెలియదు” అనిరి. మఱునాటి యుదయమున ఆ పడిన పిల్లయే లెక్కలు చెప్పించుకొనుటకు వచ్చి, గడపయొద్దనే నిలిచి, “సార్, నన్నెవరూ తోయలేదు సార్. ఆ బండ తగిలి పడినా” ననినది. మా పిల్లలకు బాగుగా తెలిసిన బండయే! మా వారు ఆమెను లోనికి పిలిచి, పలక తెమ్మని చెప్పి, ఆ పూట లెక్కలలో మూడు తప్పులు తామే చేసిరి.

ఇరువది యేండ్లుగా పిల్లల పరీక్షపత్రములు దిద్దుచు, ఒక్క మార్కు ఎక్కువగాని తక్కువగాని వేయని మనిషి యిట్లేల చేసిరని మాకు విస్మయము కలిగి, ఈ విషయమై దొరికినదెల్ల చదువ మొదలిడితిమి. 2002 లో ఇంగ్లండు పరిశోధకులు ప్రకటించిన యొక పరీక్ష మా కన్ను తెఱపించినది. వారు 40 మంది రెఫరీలను కూర్చుండబెట్టి, లివర్‌పూలు జట్టు సొంత మైదానమున ఆడిన యొక యాటను తెఱమీద చూపిరి. ఆటగాండ్రు ఒకరినొకరు ఢీకొనిన 47 ఘట్టములను చూపి, ఇది తప్పా కాదా యని యడిగిరి. కొందఱకు జనఘోషతోను, కొందఱకు నిశ్శబ్దముగను చూపిరి. ఘోష విన్నవారు సొంత జట్టుమీద పట్టిన తప్పులు, విననివారు పట్టిన వానికంటె నూటికి 15.5 వంతున తక్కువ. పరాయివారిని శిక్షించుట అంతగా పెరుగలేదట. తమవారిని క్షమించుటయే పెరిగినదట. వింత యేమనగా, ఆ గదిలో జనము లేనే లేరు. వారిని తిట్టువారు లేరు, రాళ్లు వేయువారు లేరు. యంత్రమునుండి వచ్చిన మ్రోత యొక్కటియే. మా వారి యీల ఇంతకంటె నొక యడుగు ముందుకు పోయినదని యొప్పుకొనక తప్పదు.

స్పెయిను దేశపు ఆటలను గూర్చి 2005 లో వెలువడిన యింకొక పరిశోధన గలదు. ఆట తుదిని, నడుమ వృథాయైన కాలమునకు బదులుగా రెఫరీ కొన్ని నిమిషములు కలుపును. సొంత జట్టు ఒక్క గోలు వెనుకబడియున్నయెడల ఆ నిమిషములు పెరుగుచుండెననియు, ఒక్క గోలు ముందున్నయెడల తఱుగుచుండెననియు తేలినది. ఒకే యింట కూతురి తప్పునకు నొక కొలపాత్రయు, కోడలి తప్పునకు నింకొకటియు నుండుట చూచిన సోదరీమణులకు దీనిని విడమరచి చెప్ప నక్కఱలేదు.

ఐనను జనమే కారణమని రుజువు చేయుట ఎట్లు? జనమును తీసివేసి ఆడించి చూడవలెను. అట్టి పరీక్షను ఎవరును కోరకయే కరోనా మహమ్మారి జరిపినది. 2020 మే 16 న జర్మనీలో ఖాళీ మైదానములలో ఆటలు మరల మొదలయ్యెను. పిమ్మట ఇతర దేశములలోను అట్లే జరిగెను. నేల అదే, గాలి అదే, ప్రయాణపు బడలిక అదే. జనము మాత్రము లేరు. జర్మనీలో సొంత జట్ల గెలుపులు మిక్కిలి తగ్గెను. తప్పు చేసినవారికి హెచ్చరికగా రెఫరీ పసుపు కార్డు చూపును గదా, పరాయి జట్లకు చూపు నా కార్డులు అనేక దేశములలో తగ్గెను. నేలకును వాతావరణమునకును బలము లేదని కాదు. బొలీవియా దేశపు లాపాజ్ నగరము సముద్రమట్టమునకు సుమారు 3,600 మీటర్ల యెత్తున నున్నది, అచ్చటికి పోయిన పల్లపు దేశపు జట్లకు ఊపిరియే అందదు. కాని మా వారిని అన్నము తిననీయక చేసినది ఎత్తు గాదు, గాలి గాదు.

ఇంత ఘోష నెదిరించి రచ్చ గెలిచినవారు లేరా యని వెదకగా మాకు మన తెలుగునాటి బడిపంతులే యొకరు కనబడిరి. సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాదు బడులలో పాఠములు చెప్పినవారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులై, 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిపించిరి. తరువాత భారత జట్టును 1962 లో ఆసియా క్రీడలకు జకార్తా తీసికొనిపోయిరి. ఇండోనేషియా ప్రభుత్వము ఇజ్రాయెలు, తైవాను దేశములవారిని రానీయకపోగా, భారతీయులైన జి.డి. సోంధీ గారు దానిని ఖండించిరి. దానితో ఆ నగర జనము మన వారందఱిమీదను మండిపడెను. మన రాయబార కార్యాలయముమీదికి మూకలు వచ్చెను. సెప్టెంబరు 4 న దక్షిణ కొరియాతో తుది పోటీ. అదే కొరియా చేతిలో మన వారు తొలి యాటలో 2–0 గా నోడియుండిరి. సుమారు లక్షమంది మన వారిని హేళన చేయుచు గొంతెత్తిరి.

భారతమున శల్యుడు కర్ణుని రథము తోలుచు నతని తేజమును మాటలతో హరించెను. ఒక్క శల్యుని మాటకే కర్ణునంతవాడు కలత చెందెను. లక్షమంది శల్యులు చుట్టును నిలిచిన ఆ పిల్లల గతి యేమి? జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు వేసియున్నవి. గోలు కాయు పీటర్ తంగరాజు జ్వరమునుండి లేచి వచ్చెను. ఐనను పి.కె. బెనర్జీ యొక గోలు, జర్నైల్ సింగు ఆ గాయముతోనే ఆడి యొక గోలు చేసి, 2–1 గా స్వర్ణపతకము తెచ్చిరి. రహీం గారు మఱుసటి యేట జూనులోనే క్యాన్సరు వ్యాధితో కాలధర్మము నొందిరి. ఆ కథలో మా మనస్సున నాటుకొన్నది మఱొకటి గలదు. అంత జనములోను మన వారికై చప్పట్లు చఱచినవారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రని ఆనాటి మన యాటగాండ్రు తరువాత చెప్పికొనిరి. లక్షమందిలో గుప్పెడు మంది, వారును పరాయివారు.

ఇటీవలి ముచ్చట యొకటి చెప్పి మా యూరికి వత్తుము. 2022 మార్చి 20 న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగు తుది పోటీకి కేరళ జట్టు అభిమానులు వేలకొలది వచ్చి మైదానము నింపిరి. హైదరాబాదు ఎఫ్.సి. జట్టువారికి అట్టి జనము లేదు. ఆట 1–1 గా నిలిచి పెనాల్టీలకు పోగా, హైదరాబాదు గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపి జట్టును గెలిపించెను. అతడు గోవావాడే! జనము కేరళవారిదైనను చోటు అతనిది.

రహీం గారి కథ చదివి వినిపించునప్పటికే మా వారు ఆ పొరుగు బడి ప్రధానోపాధ్యాయునకు జాబు వ్రాసియుండిరి. ఆ పెనాల్టీ తాము చూడక యిచ్చినదని అందులో దాచక వ్రాసిరి. పుస్తకమున నెక్కిన గెలుపును తుడువ వీలులేదని పైవారు చెప్పిరి గాని, ఆ జాబు సంగతి ఊరిలో పొక్కినది. మన యూరి నీరు త్రాగి మన గెలుపును దొంగగెలుపు చేసెనని రచ్చకట్టమీద అనుకొనిరి. పాలు పోయునామె గూడ రెండు దినములు మాతో మాటలాడలేదు.

భాద్రపదమున మా పిల్లలు వారి యూరికి ఆడబోవలసి వచ్చినది. ఈ మాఱు వేఱొక చోటినుండి రెఫరీని పిలిపించిరి. మేము ఐదుగురము ఆడువారము పిల్లలతోపాటు జీపులో పోతిమి. వారిది నల్లరేగడి నేల; ఎండి నెఱ్ఱెలు విచ్చియున్నది. గరుసు నేలమీద బంతి యెగురుట కలవాటుపడిన మా పిల్లలకు అది చచ్చినట్లు పడియుండుట తెలియక తడబడిరి. జనము “దొంగ యీల, దొంగ యీల” యని అఱచుచుండెను. మా పిల్లలు మేమెక్కడ నున్నామో యని మాటిమాటికి చూచిరి. మేము చప్పట్లు చఱచితిమి. ఆ హోరులో అవి మాకే వినబడలేదు. మొదటి సగమున ఆ నాయకురాలు, ఆనాటి పిల్లయే, ముగ్గురిని తప్పించుకొని వచ్చి బంతిని మూలకు కొట్టి గోలు చేసినది. అంత చక్కని దెబ్బకు మా చేతులు వాటంతటవియే చప్పట్లు చఱచినవి. ప్రక్కనున్న వారి యూరి యాడువారు తిరిగి చూచిరి.

విరామమున వారిలో నొకామె చెంబుతో వచ్చి మా ప్రక్క కూర్చుండెను. “ఆ పొద్దు ఈల ఊదిన సారు మీ ఊరాయనేనా అక్కా?” యని యడిగెను.

“మా యింటాయనే” యంటిమి.

ఆమె కొంతసేపు మమ్ము చూచెను. “గోలు కొట్టిన పాప మా బిడ్డే” అని, చెంబు మా చేతికిచ్చి, “నీళ్లు తాగక్కా. ఇంక ఎండ ఇటుపక్కకు తిరుగుతాది, మీరంతా మా నీడకు రండి” అనినది.