ఈల మోగని ఫ్రీకిక్

పార్లమెంటులో సభాపతి రూలింగు ఇరుపక్షాలకూ వినబడేటట్లు వెలువడుతుంది. అది నచ్చకపోవచ్చునుగాని, వినలేదనే వీలు ఎవరికీ ఉండదు. ఫుట్‌బాల్ మైదానంలో ఈ మర్యాద లోపిస్తే ఏమవుతుందో 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో దేశం చూసింది.

అది ఇండియన్ సూపర్ లీగ్ నాకౌట్ పోటీ. బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్ జట్లు 90 నిమిషాలు గోలు లేకుండా పోరాడాయి. అదనపు సమయంలో, 96వ నిమిషాన, బెంగళూరుకు ఫ్రీకిక్ లభించింది. కేరళ ఆటగాళ్లు రక్షణ గోడగా సర్దుకుంటుండగానే సునీల్ ఛెత్రీ బంతిని గోలులోకి పంపాడు. రిఫరీ గోలు ఖరారు చేశాడు. కేరళ కోచ్ వుకొమనోవిచ్ తన జట్టును మైదానం వెలుపలికి పిలిచాడు. వారు తిరిగి రాలేదు.

నిబంధన ఛెత్రీ పక్షానే ఉన్నదని చెప్పవచ్చు. ఫౌల్‌కు గురైన జట్టు ఈల కోసం ఆగకుండా తన్నవచ్చు. తప్పు చేసిన జట్టుకు గోడ కట్టుకొనే తీరిక హక్కు కాదు. కాని ప్రత్యర్థులను 9.15 మీటర్లు వెనుకకు జరపమని కోరితే మాత్రం ఈల మోగేవరకు ఆగవలసిందే. అటువంటప్పుడు రిఫరీ ఈలను చూపి సైగ చేస్తాడు. తనకు ఈలా, గోడా అక్కరలేదని రిఫరీతో చెప్పానని ఛెత్రీ తరువాత వివరించాడు. ఆ సంగతి కేరళ ఆటగాళ్లందరికీ అందలేదని వారు నిలబడిన తీరే చాటింది.

ఈ సమస్య కొత్తది కాదు. 1966 ప్రపంచ కప్పులో జర్మన్ రిఫరీ బయటకు పొమ్మన్నా, అర్జెంటీనా కెప్టెన్ రత్తీన్ భాష తెలియక చాలాసేపు కదలలేదు. ఆ అనుభవం నుంచే ఇంగ్లండు రిఫరీ కెన్ ఆస్టన్‌కు పసుపు, ఎరుపు కార్డుల ఆలోచన వచ్చింది. 1970 నుంచి ప్రపంచ కప్పులో అవి అమలయ్యాయి. గోడ నిలిచే చోటును చూపే నురుగు గీత 2014 ప్రపంచ కప్పులో కనిపించింది.

వాకౌట్ చేసిన సభ్యుడు మరునాడు సభకు రావచ్చు. మైదానంలో వాకౌట్ ఓటమే. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ సంఘం కేరళ జట్టుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం విధించింది. మైదానం విడిచినవారికి శిక్ష తగినదే కావచ్చు. కాని పలు భాషల ఆటగాళ్లు కలిసి ఆడే మన దేశంలో, ఈల ఊదబోనన్న నిర్ణయాన్ని కూడా ఇరుపక్షాలకు తెలిసేటట్లు ప్రకటించే బాధ్యత రిఫరీదే.