నాగార్జునకొండ ఒడ్డున ఒక రాత్రి

పరదేశాలలో విహారనౌకల మీద తిరిగేవారికి ఒక చిక్కు ఉన్నది. కరేబియన్ సముద్రంలో బార్బడోస్, కురసావ్ మొదలైన దీవులకు పోయే ఓడలు సాధారణంగా ఉదయం రేవు చేరి, సాయంకాలానికి లంగరు ఎత్తివేస్తవి. ఆ నడిమి వేళలో వందలు, వేలమంది ఒక్కమారుగా దీవి మీదికి దిగుతారు. ఒకరు చూచినదే అందరూ చూస్తారు, ఒకరు కొన్నదే అందరూ కొంటారు, గడియారం చూచుకుంటూ పరుగున ఓడ యెక్కుతారు. ఏదో ఒక ప్రయాణంలో ఓడ ఆ రేవులోనే రాత్రికి నిలిచిందంటే మాత్రం సంగతి వేరు. జనసందోహం పలుచబడిన పిదప సాయంకాలమూ, ఎండ ఎక్కకముందు ఉదయమూ ఆ యాత్రికునికి దక్కుతవి. దీవి అసలు ముఖం అప్పుడే అగుపిస్తుంది.

మనకు కరేబియన్ దాకా పోవలసిన పని లేదు. మన పలనాటిలోనే ఒక దీవి ఉన్నది. అది పుట్టుకతో దీవి కాదు, నిన్నమొన్న దీవి అయినది. కృష్ణకు కుడి ఒడ్డున, మూడు వైపుల నల్లమల కొండలు చుట్టుకొని ఉన్న లోయలో నాగార్జునకొండ అనే కొండ ఉండేది. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. ఆ నడిమి సంవత్సరాలలో లోయ నీటి పాలయినది. కొండ నెత్తి మాత్రం పైకి మిగిలి దీవి అయినది. ఈనాడు మాచర్ల నుంచి సుమారు 25 కిలోమీటర్లు వచ్చి, విజయపురి సౌత్ రేవులో లాంచి యెక్కి, ముప్పావుగంటో గంటో నీటి మీద సాగితే ఆ దీవికి చేరవచ్చును.

దీవి మీద రాత్రి బస లేదు. సాయంకాలపు లాంచికి యాత్రికులందరూ తిరిగి రావలసినదే. కావున ఇక్కడ రాత్రి మజిలీ అంటే ఒడ్డున చేసే మజిలీ. ఆ రాత్రిని ఎట్లా గడపవలెను, మరునాటి ఉదయం ఎట్లా వినియోగించుకొనవలెను అన్నదే నేడు చెప్పదలచిన విషయం.

నాకు ఈ తెలివి అనుభవం మీద వచ్చినది. కొన్ని సంవత్సరాల క్రితం మా అమ్మగారిని వెంటబెట్టుకొని, ఒక్క పగటిలో పోయి వద్దామని బయలుదేరినాను. దారిలో రెండు చోట్ల ఆలస్యమైనది. రేవు చేరేసరికి మూడున్నర దాటినది. మెట్ల మీద కూర్చొని వల బాగుచేసుకుంటున్న ఒక ముసలి బెస్తవాడు మమ్మల్ని చూచి, “ఇప్పుడు రావటం ఏంది బాబూ, కడాపటి లాంచి పొయ్యి గంటయింది. అమ్మగారిని తీసుకొని ఈడనే పడుకోండి, పొద్దున్నే పోదురుగాని” అన్నాడు. నాకు ఒళ్లు మండినది. మా అమ్మ మాత్రం మెట్ల మీద కూర్చొని నీళ్లవంక చూస్తూ, “ఊరు ఎక్కడుండేదిరా?” అని అడిగినది. నేను చరిత్ర చదువుకున్నవాడనే, అయినా ఆ ప్రశ్నకు చేయెత్తి చూపగలిగినంత జవాబు నా వద్ద లేకపోయినది.

ఆ ఊరి పేరు పుల్లారెడ్డిగూడెం. అది ఆనాటి గుంటూరు జిల్లా పల్నాడు తాలూకాలో లోయ నడుమనున్న పల్లె. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు ఆ ప్రాంతంలో ఒక పాత రాతిస్తంభాన్ని చూచి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేసినారు. శాసన శాఖలో తెలుగు సహాయకులుగా ఉన్న ఎ. ఆర్. సరస్వతిగారు వచ్చి పరిశీలించినారు. పిదప 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వించినాడు. 1938లో టి. ఎన్. రామచంద్రన్ మరికొంత త్రవ్వించినారు. ఆనకట్ట కట్టుట నిశ్చయమైన తరువాత, నీరు రాకముందే చూడగలిగినంత చూడవలెనని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వాన లోయనంతటినీ శోధించినారు. ముంపు గడువు పెట్టుకొని ఇంత విశాలంగా త్రవ్విన చోట్లు మన దేశంలో అరుదు. పాతరాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు కోటగోడల దాకా అక్కడ బయటపడినవి.

అన్నిటిలోనూ ముఖ్యమైనది ఇక్ష్వాకుల విజయపురి. శాతవాహనుల ప్రాభవం అంతరించిన పిదప, క్రీస్తు శకం మూడవ శతాబ్దంలో, ఈ లోయ ఒక రాజధాని. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అనేవారు ఇక్కడ ఏలినారు. శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు నిలిపించిన బౌద్ధ ఉపాసిక. ఒక్క ఇంటిలో అన్న యజ్ఞం చేస్తే చెల్లెలు స్తూపం పోషించినది. ఈ విషయం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

ఇక మజిలీ సంగతి. మధ్యాహ్నం దాటి వచ్చినవారు ఆనాటికి దీవి ఆశ వదులుకొని అనుపు పోవటం మంచిది. అది రేవుకు దూరం కాదు. లోయలోని కట్టడాలు కొన్నిటిని నీరు ముంచకముందు రాయి రాయిగా, ఇటుక ఇటుకగా విప్పి, కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అనుపుకు తరలించి మరల కట్టినారు. అనుపులో చూడవలసినది రంగస్థలం. నడుమ దీర్ఘచతురస్రపు మైదానం, చుట్టూ మెట్లు మెట్లుగా ఆసనాలు. ప్రాచీన భారతదేశంలో ఇటువంటి కట్టడం మరెక్కడా ఇంత స్పష్టంగా దొరకలేదు. రోమను దేశపు వాడుకను చూచి కట్టినారా, మనవారే ఊహించినారా అని పండితులు వాదించుకుంటారు. దాని పైనున్న గుట్ట మీద హారీతి గుడి ఉండేది. హారీతి బిడ్డలను కాపాడే తల్లి. క్రింద వినోదం, పైన సంతానదేవత. మన తిరునాళ్లకూ దీనికీ ఏమంత దూరమున్నది? ఎండ వాలిన పిదప ఆ మెట్ల మీద కూర్చోండి. క్రింద ఒకరు మామూలు గొంతుతో మాట్లాడగా పై వరుసలో ఉండి వినండి. రేడియోలో పని చేసేవాడను గనుక ఈ ముచ్చట నాకు ఎక్కువ కావచ్చును.

రాత్రి బసకు విజయపురి సౌత్‌లో వసతి గృహాలు ఉన్నవి. అవి నిండితే మాచర్లకు పోవలసి వస్తుంది. మాచర్లలో దిగినవారికి వేరొక లాభం ఉన్నది. చంద్రవంక ఒడ్డున చెన్నకేశవస్వామి ఆలయం, బ్రహ్మనాయుని పేరుతో ముడిపడినది, సాయంకాలపు దీపాల వేళ చూడదగినది. భోజనం దగ్గర పేచీలు పెట్టుకొనవద్దు. గోంగూర, పండుమిరపకాయ పచ్చడి, దొరికితే జొన్నరొట్టె, తినేవారికి కృష్ణ చేప. కారానికి అలవాటు లేనివారు ముందుగానే మజ్జిగ అడిగి పెట్టుకొనవలెను.

భోజనం తరువాత ఒక అరగంట రేవు వైపు పోయి ఊరక కూర్చొనవలెనని నా మనవి. నీటిలోకి దిగవద్దు, మెట్ల మీదనే కూర్చోండి. ఆ రాత్రి నేనూ మా అమ్మా అట్లాగే కూర్చున్నాము. ఆమె పుట్టిల్లు నరసరావుపేట వైపు పల్లె. “మా నాన్న కాలంలో మా చేలో జొన్నా, వరిగా తప్ప పండేవి కావు. కాలువ వచ్చినాకనే వరి కళ్లజూసినాం” అని చెప్పినది. కుడి కాలువకు నెహ్రూగారి పేర జవహర్ కాలువ అని పేరు. ఆ కాలువ నీరే మా మేనమామగారి పొలానికి పారినది. అంటే ఆ పల్లెవారు ఇల్లూ వాకిలీ వదలిన చోట నిలిచిన నీరే మా ఇంట అన్నమైనది. మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కొంతసేపటికి, “వాళ్లు ఎక్కడికి పొయ్యారో అడగరా రేపు” అన్నది.

మరునాడు మొదటి లాంచికే పోవలెను. టిక్కెట్టు కొనేటప్పుడే తిరుగు లాంచి ఎన్ని గంటలకో, మరొక లాంచిలో రానిస్తారో లేదో అడిగి తెలుసుకోండి. ప్రదర్శనశాలకు వారంలో ఒకనాడు సెలవు ఉంటుంది. బయలుదేరకముందే విచారించటం మేలు. గాలి లేచినా, వరద వచ్చినా, నీరు మరీ తగ్గినా లాంచీలు ఆపివేస్తారు. ఆపినందుకు విసుగుకొనరాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోనూ, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలోనూ జరిగిన పడవ ప్రమాదాలు మనకు తెలుసును. రక్షణ చొక్కా ఇస్తే పిల్లలకు తొడిగి, తామూ తొడుగుకొనవలెను. ఇవ్వకపోతే అడుగవలెను. జనం ఎక్కువైతే తరువాతి లాంచికి ఆగవలెను.

దీవి మీద దొరికే వ్యవధి తరచు ఒక గంటే. అందులోనే అంతా చూడబోతే ఏదీ చూడనట్లే. ప్రదర్శనశాల 1966లో తెరువబడినది. లోపల ప్రవేశించగానే అందరూ బుద్ధ విగ్రహాల వైపు పోతారు. మీరు ముందుగా మునిగిపోయిన లోయ నమూనా దగ్గర నిలబడండి. ఏటి వంపు, కొండలు, కోట, విహారాలు, స్తూపాలు ఎక్కడెక్కడ ఉండేవో అందులో చూపినారు. లాంచి ఏ చోటుల మీదుగా వచ్చినదో అప్పుడు తెలుస్తుంది. మా అమ్మకు నేను జవాబు చెప్పగలిగినది కూడా అక్కడనే.

తరువాత శిల్పఫలకాలు. పలనాటి సున్నపురాయి లేత ఆకుపచ్చ ఛాయ గలది, ఉలికి లొంగేది. దాని మీద బుద్ధుని జీవితమూ, జాతక కథలూ చెక్కినారు. ఒక్క ఫలకం ఎన్నుకొని, దానిలోని మనుషులను ఒక్కొక్కరినే చూడండి. పది ఫలకాలు తిరిగినదానికంటె ఎక్కువ మిగులుతుంది. పొడుగు చొక్కా, టోపీ ధరించిన పరదేశపు సైనికుని బొమ్మ కూడా ఇక్కడి శిల్పంలో ఉన్నది. ఈ లోయకు రాకపోకలు ఎంత దూరమునుంచి ఉండేవో బోధిశ్రీ అనే ఉపాసిక శాసనం చెబుతుంది. కాశ్మీర, గాంధార, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రవిడ దేశాలకు ధర్మం బోధించిన సింహళ భిక్షువుల ప్రస్తావన అందులో ఉన్నది. సింహళులకు ఇక్కడ ప్రత్యేకంగా విహారమే ఉండేది. కంటకశైల రేవు పేరు, అంటే మన ఘంటసాల, అదే శాసనంలో కనబడుతుంది. ఈనాడు మనం ఓడలెక్కి దీవులకు పోతున్నాము. ఆనాడు దీవివారు ఓడలెక్కి పలనాటికి వచ్చినారు.

ఛాయాస్తంభాలను మరువవద్దు. చనిపోయిన రాజులకు, సైనికులకు, చేతిపనివారికి కూడా నిలిపిన జ్ఞాపకపు రాళ్లు అవి. వీటిని చూచిన కళ్లతో కారెంపూడి వీరుల గుడికి పోతే, చనిపోయినవానికి రాయి నిలిపి తలచుకొనే అలవాటు పలనాటిలో బ్రహ్మనాయునికి ఎంతో ముందునుంచే ఉన్నదని తోస్తుంది. ఇది నా ఊహ, పండితులు ఒప్పుకొనవలెనని పట్టు లేదు.

బయట, మరల కట్టిన మహాచైత్యం దగ్గరకు మిగిలిన సమయాన్ని పెట్టండి. అసలు చైత్యం వ్యాసం 106 అడుగులు. ఇటుకలతో బండిచక్రం ఆకుల వలె లోపలి గోడలు కట్టి, సందులను మట్టితో నింపినారు. నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు. దానిలో లాంగ్‌హర్స్ట్‌కు బంగారు భరిణెలో బఠాణీ గింజంత ఎముక ముక్క దొరికినది. అది బుద్ధధాతువని నిర్ణయించి, సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి అందజేసినారు. అక్కడికి దగ్గరలోనే లోయనుంచి తెచ్చి కట్టిన స్నానఘట్టం మెట్లు ఉన్నవి. అంత నునుపుగా అతికిన రాళ్లు ఈనాటి మేస్త్రీలు కూడా నిలబడి చూస్తారు.

తిరిగి ఒడ్డు చేరిన తరువాత పూట మిగిలితే ఎత్తిపోతల పోవచ్చును. ఆనకట్టకు సుమారు 11 కిలోమీటర్లు. చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. వానకాలం వెళ్లిన కొత్తలో చూడవలెను, వేసవిలో సన్నని ధార మాత్రమే. క్రింది మడుగులో మొసళ్లు ఉన్నవి గనుక స్నానపు ఆలోచన మానుకోండి. అసలు వేసవిలో ఈ యాత్రే వద్దు. రెంటచింతల ఎండ పేరు వినని తెలుగువారు లేరు. కార్తీకం నుంచి మాఘం దాకా అనుకూలం. కార్తీక అమావాస్యకు వస్తే కారెంపూడి వీరుల ఉత్సవం కూడా కలిసి వస్తుంది. రైలు మీద వచ్చేవారు గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా మాచర్లలో దిగవలెను. రైలు దారి అక్కడితో సరి.

మా అమ్మ అడుగుమన్న మాట ఆ ఉదయం లాంచిలో ఒక పనివానిని అడిగినాను. “మా తాత ఆ ఊరాయనే. మాచర్ల పక్క భూమిచ్చినారంట. ఎండాకాలం నీళ్లు దిగితే ఈ ఒడ్డుకొచ్చి కూకునేవాడు” అన్నాడు. అమ్మ తన సంచిలోని అరటిపండ్లు అతనికి ఇచ్చినది.