రాజీనామాలో జబ్బెంత, మనమెంత?

పదేళ్ల క్రితం నా మెయిల్ డ్రాఫ్ట్స్‌లో ఒక రాజీనామా లెటర్ ఏడు నెలల పాటు పడి ఉంది. గచ్చిబౌలిలో ఉద్యోగం, మియాపూర్‌లో అద్దె ఇల్లు. రోజూ రాత్రి పదకొండు దాటాక ఆ లెటర్ తెరిచేవాణ్ని. ఒక వాక్యం కలిపి, రెండు తీసేసి, పంపకుండానే మూసేసేవాణ్ని. తెల్లారి బస్సెక్కగానే మళ్లీ అదే గొడవ: ఉండాలా, మానెయ్యాలా? తిండి సయించడం లేదని, రోజూ మూడున్నరకే మెలకువ వచ్చేస్తోందని, క్రికెట్ స్కోరు చూడాలని కూడా అనిపించడం లేదని ఎవరికీ చెప్పలేదు. అవన్నీ ఉద్యోగం తెచ్చిన తిప్పలే అనుకున్నాను.

ఆ ఏడు నెలల్లో నాకు సలహా ఇచ్చినవాళ్లంతా నా మేలు కోరినవాళ్లే. అయినా ఆ సలహాల్లో సగం తప్పు. ఇవాళ అదే అవస్థలో ఉన్న పిల్లలు నాతో మాట్లాడుతున్నప్పుడు అవే మాటలు మళ్లీ వినిపిస్తున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూడాలని ఇది రాస్తున్నాను.

అపోహ: “ఇదంతా ఆ ఉద్యోగం వల్లే. మానేస్తే అదే పోతుంది.”

కొందరి విషయంలో ఇది నిజం కూడా. అందుకే అందరూ నమ్ముతారు.

నా తిప్పలకు కారణం మాత్రం డిప్రెషన్. దాని లక్షణాలంటే దిగులు, నిద్రలేమి, ఆకలి చావడం, ఒళ్లంతా నీరసం అని మనకు తెలుసు. వైద్యుల జాబితాలో మరొకటి కూడా ఉంది: ఏ సంగతీ తేల్చుకోలేకపోవడం. టిఫిన్ సెంటర్లో ఇడ్లీ చెప్పాలా, దోసె చెప్పాలా అన్నది కూడా తెగదు. అలాంటప్పుడు ఉద్యోగం సంగతి తెగుతుందా? దానికి తోడు జబ్బు చూపును కూడా మార్చేస్తుంది. చేసిన మంచి పనులు గుర్తుకు రావు, పొరపాట్లు మాత్రం తేదీలతో సహా గుర్తుంటాయి. ఉన్న ఉద్యోగమూ చీకటిగానే కనిపిస్తుంది, వెతుక్కోబోయేదీ చీకటిగానే కనిపిస్తుంది. ‘నేను దేనికీ పనికిరాను’ అన్నది తేలిపోయిన సత్యంలా అనిపిస్తుంది. నేను ఏడు నెలలు దిద్దిన ఆ లెటర్లో మూడొంతులు క్షమాపణలే. ఎవరికి, దేనికి చెప్పానో ఇప్పుడు చదివితే నాకే అర్థం కాదు.

అందుకే మానసిక వైద్యులు ఎప్పటినుంచో ఒక మాట చెబుతారు. పెళ్లి, విడాకులు, ఇల్లు అమ్మడం, ఉద్యోగం మానడం లాంటి పెద్ద నిర్ణయాలను, వాయిదా వెయ్యగలిగితే, మనసు కొంచెం తేరుకునేదాకా వాయిదా వెయ్యమంటారు.

బడలికకూ డిప్రెషన్‌కూ తేడా ఉంది. పనిలో తీరని ఒత్తిడితో వచ్చే బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జబ్బుల వర్గీకరణ పదకొండో కూర్పులో నిర్వచించింది. దాన్ని జబ్బుగా లెక్కించలేదు, వృత్తికి సంబంధించిన పరిస్థితిగానే చూసింది. బర్నౌట్‌లో బరువు ఆఫీసు చుట్టూ తిరుగుతుంది, నాలుగు రోజులు దూరంగా ఉంటే కొంతైనా దిగుతుంది. డిప్రెషన్ మనతోపాటు రైలెక్కి ఊరికి వస్తుంది. ఆ ఏడాది సంక్రాంతికి నేను ఇంటికెళ్లాను. ల్యాప్‌టాప్ తీసుకెళ్లలేదు, ఒక్క ఫోనూ రాలేదు. వాకిట్లో ముగ్గులు, వంటింట్లో అరిసెలు, అరుగు మీద చిన్నప్పటి స్నేహితులు. నాకు మాత్రం గోడవైపు తిరిగి పడుకోవాలని తప్ప ఇంకేమీ అనిపించలేదు. ఆఫీసు ఐదువందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా బరువు ఇసుమంతైనా తగ్గలేదని ఆ భోగి నాడు అర్థమైంది. ఇది రోగనిర్ధారణ పరీక్ష కాదు, రెండూ కలిసి ఉన్నవాళ్లూ చాలామంది ఉంటారు. కానీ రెండు వారాలకు మించి ఇలా ఉంటే ముందు డాక్టర్ని కలవాలి, రాజీనామా సంగతి ఆ తర్వాత.

పని పోతే మనిషికి ఏమవుతుందో చెప్పే పాత అధ్యయనం ఒకటుంది. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మరియెంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు 1930 ప్రాంతంలో మూతపడి, ఊరు ఊరంతా ఒక్కసారిగా పని లేకుండా అయిపోయింది. మారీ జహోడా, ఆమె సహచరులు అక్కడికెళ్లి జనం జీవితాలను దగ్గర్నుంచి చూసి 1933లో పుస్తకం వేశారు. చదువుకోవడానికి బోలెడు తీరిక దొరికింది కాబట్టి లైబ్రరీలో రద్దీ పెరిగి ఉంటుందని అనుకుంటాం కదా. తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్లు వీధిలో నడిచే వేగం తగ్గింది, నాలుగడుగులకోసారి ఆగిపోయేవారు. జీతం ఒక్కటే కాదు, పొద్దున లేవడానికి ఒక కారణం, పలకరించే నలుగురు, రోజుకొక ఆకారం కూడా మిల్లుతో పాటే పోయాయి. డిప్రెషన్‌లో ఉన్నవాడికి ఇవి మరీ అవసరం. మానేసి ఇంట్లో పడుకుంటే మొదటి వారం హాయిగానే ఉంటుంది. మూడో వారానికి పొద్దున పదకొండైనా దుప్పట్లోంచి లేవాలనిపించదు.

అపోహ: “పనిలో పడితే అన్నీ మర్చిపోతావు. ఏమైనా సరే ఉద్యోగం మాత్రం వదలకు.”

పైదంతా చదివి ఈ మాటే నిజమనుకుంటే పొరపాటు. 2011లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనం వేలమందిని ఏళ్ల తరబడి గమనించింది. నిరుద్యోగం నుంచి మంచి ఉద్యోగంలోకి వెళ్లినవాళ్ల మనసు కుదుటపడింది. మోయలేనంత పని, దాని మీద తమ చేతిలో ఏమీ లేకపోవడం, రేపుంటుందో లేదో తెలియని భయం, కష్టానికి తగని జీతం – ఇవన్నీ ఉన్న ఉద్యోగాల్లో చేరినవాళ్ల మానసిక ఆరోగ్యం ఉద్యోగం దొరకనివాళ్ల కన్నా ఎక్కువగా దిగజారింది. అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కారసెక్ 1979లోనే దీనికి దగ్గరి మాట చెప్పాడు: పని ఎక్కువగా ఉండటం కన్నా, పని ఎక్కువగా ఉండి మన చేతిలో ఏమీ లేకపోవడం ఎక్కువ హాని చేస్తుంది.

కాబట్టి ‘వాయిదా వెయ్యండి’ అన్న సలహాకు హద్దుంది. పై అధికారి రోజూ నలుగురిలో అవమానిస్తున్నా, లైంగికంగా వేధిస్తున్నా, తప్పుడు లెక్కల మీద సంతకం పెట్టమంటున్నా, ఆఫీసు మెట్లెక్కుతుంటే చచ్చిపోవాలనిపిస్తున్నా వారాల తరబడి ఆగనక్కర్లేదు. ముందు అక్కణ్నుంచి బయటపడాలి. సెలవు పెట్టో, బదిలీ అడిగో, అదీ కాకపోతే రాజీనామా చేసో. అలా బయటపడినా చికిత్స మాత్రం మానకూడదు.

ఉండాలా, మానెయ్యాలా అన్న సలహా మన ఇళ్లల్లో మగపిల్లలకొక రకంగా, ఆడపిల్లలకొక రకంగా అందుతుంది. అబ్బాయికి ‘ఉద్యోగం పురుష లక్షణం’ అంటారు, మానేస్తే పెళ్లి సంబంధాలు రావంటారు. అమ్మాయి ఒక్కసారి కళ్లనీళ్లు పెట్టుకుంటే చాలు, “మానెయ్యమ్మా, నీ జీతంతో ఇల్లు గడవాలా?” అంటారు. అంటున్నది ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ ఆమె చేతిలోని డబ్బు, ఆమె స్నేహాలు, ఇంటి గడప దాటే ఆ పది గంటలు ఆమెను నిలబెడుతున్నవేమో ఎవరూ అడగరు. వీళ్లిద్దరి విషయంలోనూ నిర్ణయం జబ్బును చూసి జరగడం లేదు.

అపోహ: “ఉండటమో, మానెయ్యడమో, రెండే దారులు.”

నాకు అలాగే అనిపించింది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మొదట అడిగింది కూడా అదే: “సార్, మానెయ్యమంటారా?” ఆయన ముందు థైరాయిడ్ పరీక్ష రాశారు. థైరాయిడ్ హార్మోన్ తగ్గినా ఇలాంటి లక్షణాలే వస్తాయట. తర్వాత అన్నారు: “ఆ లెటర్ పంపకండి, చింపెయ్యకండి కూడా. ఎనిమిది వారాలు అలా ఉండనివ్వండి. ఈలోగా మీ పనిలో అన్నిటికన్నా నలిపేస్తున్నదేమిటో ఒక్కటి చెప్పండి.” చాలాసేపు ఆలోచించాక తేలింది, రాత్రి పదింటికి మొదలయ్యే క్లయింట్ కాల్స్. మేనేజర్ని వాటి నుంచి తప్పించమని అడిగాను, నిద్ర సమస్య ఉందని మాత్రమే చెప్పాను. నెల రోజులు నాన్చి ఒప్పుకున్నారు. నిద్ర కుదిరాక మిగతావి కొంచెం కొంచెంగా కుదురుకున్నాయి.

షిఫ్టు మార్పు, టీమ్ మార్పు, కొన్నాళ్లు ఇంటి నుంచి పని, వైద్య ధ్రువపత్రంతో సెలవు, జీతం లేని సెలవు – అన్ని చోట్లా అన్నీ దొరకవు. అడగకుండా ఏదీ దొరకదు. నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్ఐలో ఉన్నవాళ్లకు, చందా నిబంధనలు పూర్తయి డాక్టర్ ధ్రువీకరిస్తే, ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం అనారోగ్య భృతిగా వస్తుంది. షాపింగ్ మాల్లో నిలబడి పనిచేసేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్ల ఇరకాటం వేరు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువే, ఈలోగా మరో ఉద్యోగమో, వీసా మార్పో చూసుకోవాలి. అందుకని జబ్బును దిగమింగుకుని నెట్టుకొస్తారు. కానీ కనీసం యాభై మంది ఉన్న కంపెనీలో ఏడాది సర్వీసు, ఆ ఏడాదిలో 1,250 గంటల పని ఉంటే, తీవ్రమైన అనారోగ్యానికి 12 వారాల దాకా జీతం లేని సెలవు అక్కడి చట్టమే ఇస్తుంది, ఆ సెలవులో ఉద్యోగానికి రక్షణ ఉంటుంది. తీవ్రమైన డిప్రెషన్ కూడా దాని కిందికి రావచ్చు. రాజీనామాకు ముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో గంటసేపు మాట్లాడటం మంచిది.

అపోహ: “డాక్టర్ దగ్గరికెళ్తే ఆఫీసులో తెలిసిపోతుంది.”

మన దేశంలో 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. డాక్టర్ మీ మేనేజర్‌కు ఫోన్ చెయ్యరు. సెలవు కోసం ఇచ్చే ధ్రువపత్రంలో ఎంతవరకు రాయాలో ముందే మాట్లాడుకోవచ్చు.

ఆఫీసులో మీరుగా చెప్పాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. చెబితే అందరూ అర్థం చేసుకుంటారని నేను మాటివ్వలేను. చెప్పాక ప్రమోషన్ ఆగినవాళ్లు నాకు తెలుసు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రభుత్వోద్యోగులకు గట్టి రక్షణే ఇస్తుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. 2021 డిసెంబరులో సీఆర్పీఎఫ్ అధికారి రవీందర్ కుమార్ ధారీవాల్ కేసులో సుప్రీంకోర్టు మానసిక వైకల్యం విషయంలో ఉద్యోగి వైపు నిలిచింది. అయితే ప్రతి డిప్రెషనూ ఆ చట్టం చెప్పే వైకల్యం కిందికి రాదు, ప్రైవేటు ఉద్యోగికి అంత బలమూ లేదు. అందుకే నా సలహా: జబ్బు పేరు చెప్పనక్కర్లేదు, కావలసిన వెసులుబాటు మాత్రం స్పష్టంగా అడగండి. నమ్మదగిన ఒక్క మనిషికి పూర్తిగా చెప్పండి.

అపోహ: “మానసిక జబ్బులకు ఇన్సూరెన్స్ రాదు.”

నా రోజుల్లో నిజంగానే రాలేదు. అదే 2017 చట్టం శరీర జబ్బులకూ మానసిక జబ్బులకూ ఒకే ప్రాతిపదికన బీమా ఇవ్వాలని చెప్పింది. ఆస్పత్రిలో చేరకుండా డాక్టర్‌కిచ్చే ఫీజు, మందుల ఖర్చు వస్తాయా అన్నది మాత్రం పాలసీని బట్టి ఉంటుంది. రాజీనామా చేసే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి: కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ సాధారణంగా ఉద్యోగంతోనే ముగుస్తుంది. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే ముందునుంచి ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. గ్రూపు పాలసీని వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలుందేమో నోటీస్ పీరియడ్ ముగియకముందే అడగాలి.

అపోహ: “ఆ మందులు అలవాటైపోతాయి. ఎర్రగడ్డ దాకా వెళ్లాల్సొస్తుంది.”

హైదరాబాదులో మానసిక వైద్యశాల ఉన్న ప్రాంతం పేరునే తిట్టు చేసేశాం. ఆ తిట్టుకు జడిసి ఎంతమంది ఇంట్లోనే నలిగిపోయారో! ఎర్రగడ్డ ఆస్పత్రికీ, విశాఖ మానసిక వైద్యశాలకూ రోజూ ఓపీకి వచ్చి, మందులు తీసుకుని, మధ్యాహ్నానికి పనికి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆస్పత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి.

డిప్రెషన్‌కు సాధారణంగా రాసే మందులు సారాలాగా రోజురోజుకీ ఇంకాస్త కావాలనిపించేవి కావు. అయితే ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం లాంటివి రావచ్చు కాబట్టి డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పని మొదలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది. ‘పది రోజులైంది, ఏం తేడా లేదు’ అని మానేసేవాళ్లు చాలామంది. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు. జబ్బు ఒక మోస్తరుదైతే మందుల్లేకుండా కౌన్సెలింగ్‌తోనే తగ్గవచ్చు. ఎప్పుడైనా నిద్రే అక్కర్లేనంత హుషారు, స్తోమతకు మించిన ఖర్చులు చేసిన రోజులు ఉంటే అది మొదటిరోజే డాక్టర్‌కు చెప్పాలి, అప్పుడు మందే వేరుగా ఉంటుంది.

అపోహ: “చావు గురించి అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుంది.”

పుట్టదు. అడిగినందుకు చాలామందికి గుండె బరువు దిగుతుంది. ‘నేను లేకపోతే ఈఎమ్ఐలు బీమా డబ్బుతో తీరిపోతాయి’ అని మీ స్నేహితుడు నవ్వుతూ అన్నా దాన్ని నవ్వులాటగా తీసుకోకండి. “చనిపోవాలని అనిపిస్తోందా?” అని సూటిగా అడగండి. ఔనంటే ఒంటరిగా వదలకండి, ఆస్పత్రికి వెంట తీసుకెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అపోహ: “చివరికి మానేస్తే ఓడిపోయినట్టే.”

చికిత్స మొదలైన పద్నాలుగు నెలలకు నేను ఆ ఉద్యోగం మానేశాను. అప్పటికి నిద్ర పడుతోంది, వంట చేసుకుంటున్నాను, స్కోర్లు చూస్తున్నాను. ఆర్నెల్ల ఖర్చులకు డబ్బు పక్కన పెట్టాను. పని తీరు అప్పటికీ నాకు నచ్చలేదు, అందులో జబ్బు ప్రమేయమేమీ లేదు. నాన్నకు ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మందులు వేసుకుంటున్నావా?” అని మాత్రం అడిగారు. పాత లెటర్ తెరిచి చూశాను, రెండు పేజీలు. దాన్ని పక్కన పెట్టి కొత్తది రాసుకున్నాను. చివరి పని దినం ఎప్పుడో, బాధ్యతలు ఎవరికి అప్పగిస్తానో. అంతే, రెండు వాక్యాలు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లే ముందే పంపేశాను.